ట్యూబ్‌లైట్ వెలుగును పట్టే సెల్: ఎండలో దాగిన లోపాలు గదిలో బయటపడతాయి

చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద మా ఆఫీసులో మూడు అంతస్తులకు కలిపి 180 వైర్‌లెస్ సెన్సర్లు ఉన్నాయి. గదిలో వేడి ఎంత, తేమ ఎంత, మనుషులు ఉన్నారా లేదా అని నిమిషానికోసారి కబురు పంపడం వాటి పని. ఆ కబురును బట్టి ఏసీ పెరుగుతుంది, తగ్గుతుంది. ఒక్కో సెన్సర్ లోపల రూపాయి బిళ్లంత సీఆర్ 2032 కాయిన్ సెల్ ఉంటుంది. అది ఆరు నెలలు వస్తుంది. 180 సెన్సర్లు, ఆరు నెలలు అంటే సగటున రోజుకు ఒకటి చొప్పున ఆగిపోతూ ఉంటుంది. నిచ్చెన ఎక్కి మూత తీసి సెల్ మార్చి దిగడం మా మెయింటెనెన్స్ టీమ్‌కు రోజూ ఉండే పని.

నిచ్చెన పట్టుకునేది మా టీమ్‌లోని గూడూరు కుర్రాడు. ఒకరోజు కింద నుంచే అడిగాడు: "అక్కా, మా నాన్న కాలిక్యులేటర్ నా చిన్నప్పటి నుంచి లైటు వెలుగు మీదే నడుస్తోంది. దీనికి మాత్రం ఎందుకీ తిప్పలు?"

కాలిక్యులేటర్‌కు కొన్ని మైక్రోవాట్లు చాలు, సెన్సర్ రేడియోలో మాట్లాడాలి కాబట్టి దానికి కరెంటు ఎక్కువ కావాలి అన్నాను. అది సగం జవాబే. మిగతా సగం వెతుక్కుంటూ పోతే పెరోవ్‌స్కైట్ అనే పదార్థం దగ్గర తేలాను. మేడ మీద పెట్టే సోలార్ ప్యానెల్‌ను చిన్న ముక్కగా కోసి గదిలో పెడితే గదిలో పనిచేసే సెల్ అయిపోదని, మసక వెలుగులో కరెంటు తీయడం పూర్తిగా వేరే విద్య అని అప్పుడు అర్థమైంది.

ముందు వెలుగు లెక్క. మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు సెంటీమీటర్‌కు దాదాపు 100 మిల్లీవాట్లు. కంటికి కనిపించే వెలుగు లెక్కలో అది లక్ష లక్స్. ఆఫీసు టేబుల్ మీద లైట్లు బాగా ఉంటే 500 లక్స్ పడుతుంది. తెల్లటి ఎల్‌ఈడీ కింద 500 లక్స్ అంటే చదరపు సెంటీమీటర్‌కు సుమారు 0.15 మిల్లీవాట్. ఎండతో పోలిస్తే ఆరు వందల వంతుల్లో ఒక వంతు కూడా లేదు. ఇంత తేడా ఉందని మనకు తెలియదు, ఎందుకంటే ఎండలోంచి ఇంట్లోకి వచ్చిన కాసేపటికే కన్ను సర్దుకుంటుంది. సోలార్ సెల్‌కు ఆ సర్దుబాటు లేదు, పడినంతే దానికి దక్కేది.

మా సెన్సర్ సగటున 50 మైక్రోయాంప్‌లు వాడుతుంది. 3 వోల్టుల దగ్గర అది 150 మైక్రోవాట్లు, 24 గంటలకు 3.6 మిల్లీవాట్-అవర్లు. కాయిన్ సెల్‌లో ఉండేది దాదాపు 225 మిల్లీయాంప్-అవర్లు. 50 మైక్రోయాంప్‌ల చొప్పున తీస్తే 4,500 గంటలు, అంటే ఆరు నెలల పైన కొద్ది రోజులు. ఇప్పుడు కాయిన్ సెల్ తీసేసి పది చదరపు సెంటీమీటర్ల సోలార్ సెల్ పెట్టామనుకోండి. అది అగ్గిపెట్టె పైముఖంలో సగానికి కాస్త ఎక్కువ. 500 లక్స్, రోజుకు పది గంటలు లైట్లు. దాని మీద పడే వెలుగు మొత్తం 15 మిల్లీవాట్-అవర్లు. అందులో పది శాతం కరెంటుగా మారితే 1.5. చాలదు. ముప్పై శాతం మారితే 4.5. ఛార్జింగ్ సర్క్యూట్‌లో ఐదో వంతు పోయినా 3.6 మిగులుతుంది, సెన్సర్ అడిగినదీ అంతే.

అంటే పది శాతానికీ ముప్పై శాతానికీ మధ్య ఉన్న తేడా మీదే నిచ్చెన ఎక్కాలా వద్దా అన్నది ఆధారపడి ఉంది. కాలిక్యులేటర్ మీద మెరిసే ఆ ముదురు గోధుమరంగు పట్టీ అమార్ఫస్ సిలికాన్. 1980 ప్రాంతంలో జపాన్‌లో సాన్యో కంపెనీ దాన్ని కాలిక్యులేటర్ల కోసం పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. గది వెలుగులో దానికి పది శాతం వస్తుందనుకోవడం కూడా ఉదారంగా వేసిన లెక్కే. మేడ మీద ఇరవై శాతం దాటించే స్ఫటిక సిలికాన్ గదిలోకి వస్తే పది శాతం లోపుకు పడిపోవడం మామూలు. ఎండలో అంత బాగా పనిచేసేది నీడలో ఎందుకు చతికిలపడుతుంది? దీనికి రెండు కారణాలున్నాయి. ఒకటి వెలుగు రంగుకు సంబంధించింది, రెండోది వెలుగు పరిమాణానికి సంబంధించింది. రెండూ విడివిడిగా పట్టుకుంటే తప్ప ఈ విషయం చిక్కు వీడదు.

రంగు సంగతి ముందు చూద్దాం. ఒక బస్సు ఊహించుకోండి. టికెట్ ధర ఒకటే. అంతకంటే చిన్న నోటు ఇస్తే కండక్టర్ తీసుకోడు. పెద్ద నోటు ఇస్తే తీసుకుంటాడు కానీ చిల్లర వెనక్కి ఇవ్వడు. సోలార్ సెల్ సరిగ్గా ఇలాంటి బస్సు. వెలుగు కణం, అంటే ఫోటాన్, ఒక నోటు. టికెట్ ధర ఆ పదార్థపు బ్యాండ్‌గ్యాప్, అంటే ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి ఫోటాన్ దగ్గర ఉండాల్సిన కనీస శక్తి. ఆ శక్తిని కొలిచే ఒక ఎలక్ట్రాన్ వోల్ట్‌ను పది రూపాయలు అనుకుంటే సిలికాన్ టికెట్ ధర పదకొండు రూపాయలు. ఎండలో అన్ని రకాల నోట్లూ ఉంటాయి. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ చిన్న నోట్లు బోలెడు, కనిపించే వెలుగు మధ్యరకం నోట్లు, అల్ట్రావయొలెట్ పెద్ద నోట్లు. అలాంటి గుంపుకు పదకొండు నుంచి పద్నాలుగు రూపాయల టికెట్ సరైనది. మరీ పెంచితే ఎక్కేవాళ్లు తగ్గుతారు, మరీ తగ్గిస్తే వసూలు తగ్గుతుంది. భౌతిక శాస్త్రవేత్తలు విలియం షాక్లీ, హాన్స్ క్వైసర్ 1961లో చూపించింది ఈ లెక్కే. ఒకే పొర ఉన్న సెల్ ఎండలో దాదాపు 33 శాతానికి మించి ఇవ్వలేదని అందులోంచే తేలింది.

గదిలో ఎల్‌ఈడీ లైటు కింద ఆ గుంపు లేదు. ఎల్‌ఈడీలో ఇన్‌ఫ్రారెడ్ దాదాపు ఉండదు, అల్ట్రావయొలెట్ కూడా ఉండదు. ఉన్నవన్నీ పద్దెనిమిది నుంచి ఇరవై ఏడు రూపాయల మధ్య నోట్లే, సగటున ఇరవై రెండు. అలాంటప్పుడు పదకొండు రూపాయల టికెట్ పెట్టుకుని కూర్చున్న సిలికాన్ ప్రతి నోటులోనూ సగం వేడిగా వృథా చేస్తుంది. టికెట్‌ను పద్దెనిమిది, పందొమ్మిది రూపాయలకు పెంచితే? ఎక్కేవాళ్లు దాదాపు తగ్గరు, వసూలు మాత్రం పెరుగుతుంది. ప్రతి టికెట్‌లోనూ నాలుగైదు రూపాయలు ప్రకృతి నియమం ప్రకారం తప్పని తరుగు. అది పోగా కూడా సిద్ధాంతపరంగా యాభై శాతం దాటవచ్చు. ఎండలో 33 దగ్గర ఉన్న గోడ గదిలో యాభైకి పైగా జరిగిపోతుందంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. వెలుగు తగ్గితే సామర్థ్యం తగ్గాలి కదా అనిపిస్తుంది. కానీ ఇక్కడ సామర్థ్యం అంటే పడిన దానిలో ఎంత పట్టామన్న నిష్పత్తి. ఒకే రకం నోట్లు వస్తున్నప్పుడు టికెట్ ధర సరిగ్గా పెట్టడం తేలిక.

ఇక్కడ మన దేశానికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. నా చిన్నప్పుడు ఇంట్లో ఉన్నది అరవై వాట్ల పసుపు వెలుగు ఫిలమెంట్ బల్బు. దాని వెలుగులో ఎక్కువ భాగం ఇన్‌ఫ్రారెడ్, అంటే చిన్న నోట్లే. ఆ ఇంట్లో పద్దెనిమిది రూపాయల టికెట్ పెడితే బస్సు ఖాళీగా వెళ్లేది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంచారు. కరెంటు బిల్లు తగ్గించడానికి చేసిన ఆ పని వల్ల మన ఇళ్లలో వెలుగు స్వభావమే మారిపోయింది. గదిలో వెలుగును పట్టే సెల్‌కు సరైన కాలం ఇప్పుడు వచ్చిందంటే అందులో ఆ బల్బుల పాత్ర చాలా ఉంది.

టికెట్ ధరను కావలసినట్టు మార్చుకోగలిగే పదార్థం ఏదంటే పెరోవ్‌స్కైట్ పేరు వస్తుంది. 1839లో ఉరల్ పర్వతాల్లో దొరికిన ఒక ఖనిజాన్ని గుస్తావ్ రోజ్ పరిశీలించి, లెవ్ పెరోవ్‌స్కీ అనే రష్యన్ ఖనిజ శాస్త్రవేత్త పేరు పెట్టాడు. నేటి సోలార్ సెల్‌లో ఉండేది ఆ ఖనిజం కాదు, దాని పరమాణువుల అమరిక మాత్రమే. మధ్యలో సీసం, చుట్టూ అయోడిన్ లేదా బ్రోమిన్, సందుల్లో సీసియం గానీ ఫార్మామిడినియం లాంటి చిన్న సేంద్రియ అయాన్లు గానీ. 2009లో జపాన్‌లో త్సుతోము మియాసకా బృందం మొదటిసారి దీనితో సోలార్ సెల్ చేసినప్పుడు వచ్చింది 3.8 శాతం. ఇప్పుడు ఎండలో 26 శాతం దాటింది. సిలికాన్‌కు దశాబ్దాలు పట్టిన దూరం ఇది.

గదికి పనికొచ్చే గుణం మాత్రం వేరు. అయోడిన్ మాత్రమే ఉంటే టికెట్ ధర సుమారు పదహారు రూపాయలు. బ్రోమిన్ మాత్రమే ఉంటే ఇరవై మూడు. రెండూ కలిపితే ఆ మధ్యలో కావలసిన చోట ఆగవచ్చు. పైగా ఇదంతా ద్రావణంగా కలిపి, గాజు మీదో ప్లాస్టిక్ మీదో పూసి, వంద డిగ్రీల దగ్గర కాసేపు కాలిస్తే చాలు. సిలికాన్‌ను కరిగించడానికి 1,400 డిగ్రీలు దాటాలి.

ఇంత సులువైతే ఈపాటికి అన్ని సెన్సర్లలో ఇదే ఉండాలి. అలా లేకపోవడానికి కారణం రెండో చిక్కు, వెలుగు పరిమాణం. నా దృష్టిలో ఈ విషయం మొత్తంలో అసలు మెలిక ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

మాది కోవూరు పక్క. కాలువ నిండుగా పారే రోజుల్లో పంట బోదెలో ఏముందో ఎవరూ పట్టించుకోరు. గట్టుకు ఎండ్రకాయలు పెట్టిన బొక్కలుంటాయి, అడుగున గుంటలుంటాయి, అయినా పొలానికి నీళ్లు చేరతాయి. చివరి తడికి కాలువలో నీళ్లు సన్నగిల్లినప్పుడు తెలుస్తుంది వాటి సంగతి. బొక్కల్లోంచి పక్క పొలంలోకి కారేది కారుతుంది, గుంటలు తాగేది తాగుతాయి, మన మడవ దగ్గరికి వచ్చేసరికి బోదె తడిగా మాత్రమే ఉంటుంది. మా నాన్న ఆ రోజుల్లోనే పార పట్టుకుని గట్టంతా వెతుక్కుంటూ తిరిగేవాడు.

సోలార్ సెల్‌లో ఈ రెండు లోపాలూ ఉన్నాయి, రెండూ వేరు వేరు. గట్టుకు బొక్క లాంటిది షంట్. పూసిన పొరలో సూది మొనంత చిల్లు పడితే పైనున్న పొర కింది పొరను తాకుతుంది, కరెంటు బయటి సర్క్యూట్‌లోకి పోకుండా అక్కడే లోపలికి కారుతుంది. ఎంత కారుతుందన్నది వెలుగు మీద ఆధారపడదు, వోల్టేజ్ మీదే ఆధారపడుతుంది. ఒక చదరపు సెంటీమీటర్ సెల్‌లో షంట్ నిరోధం 1,000 ఓమ్‌లు అనుకుందాం. ఒక వోల్టు దగ్గర కారేది ఒక మిల్లీయాంప్. ఎండలో ఆ సెల్ ఇచ్చేది 20 మిల్లీయాంప్‌లు. అందులో ఒకటి పోతే ఐదు శాతం, ఎవరూ గమనించరు. అదే సెల్‌ను 500 లక్స్ కిందికి తెస్తే అది పుట్టించేదే సుమారు 0.065 మిల్లీయాంప్. చిల్లు అడిగేది ఒకటి, ఉన్నది దానిలో పదిహేనో వంతు. వోల్టేజ్ పైకి లేవనే లేవదు. ఎండలో పత్రికల్లో పేరు తెచ్చుకున్న సెల్ గదిలో చచ్చినట్టు పడి ఉండటానికి ఈ ఒక్క చిల్లు చాలు.

బోదె అడుగున గుంట లాంటిది ట్రాప్. స్ఫటికంలో ఒక అయోడిన్ ఉండాల్సిన చోట లేకపోతే, లేదా ఉపరితలం మీద ఒక సీసం అయాన్ జత లేకుండా మిగిలిపోతే, అక్కడ ఎలక్ట్రాన్ పడి ఇరుక్కుంటుంది, తర్వాత వేడిగా ఆరిపోతుంది. ఎండలో ఎలక్ట్రాన్లు కోకొల్లలు. గుంటలు నిండిపోతాయి, మిగతావి వాటి మీదుగా దాటిపోతాయి. మసక వెలుగులో ఎలక్ట్రాన్లే కొద్ది, గుంటలు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి. వచ్చినవాటిలో ఎక్కువ భాగం వాటికే ఆహుతి. వోల్టేజ్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. వెలుగు పదోవంతుకు తగ్గినప్పుడల్లా లోపాలు లేని సెల్‌లో వోల్టేజ్ సుమారు 60 మిల్లీవోల్టులు పడుతుంది, ట్రాప్‌లదే రాజ్యమైన సెల్‌లో 120 దాకా పడుతుంది. ఎండ నుంచి గదిలోకి రావడమంటే పదోవంతు చొప్పున రెండున్నర మూడు మెట్లు దిగడం. 0.7 వోల్టుతో మొదలైన సిలికాన్‌కు ఇది ప్రాణాంతకం. 1.1, 1.2 దగ్గర మొదలైన పెరోవ్‌స్కైట్ లోపాలు సరిచేసుకుంటే ఒక వోల్టు దగ్గర నిలబడగలదు.

ఒక మంచి కబురు కూడా ఉంది. ఎండలో సెల్‌కు పెద్ద శత్రువైన సిరీస్ నిరోధం, అంటే కరెంటు బయటికి వెళ్లే దారిలో ఎదురయ్యే నిరోధం, గదిలో లెక్కలోకే రాదు. పది ఓమ్‌ల నిరోధం మీదుగా 20 మిల్లీయాంప్‌లు పోతే 0.2 వోల్టు నష్టం. 0.065 మిల్లీయాంప్ పోతే ఒక మిల్లీవోల్టు కూడా లేదు. అందుకే గది సెల్‌కు వెండి తీగలు అక్కర్లేదు, బంగారం పూత అక్కర్లేదు, కార్బన్ ముద్ద పూసినా చాలు. పెరోవ్‌స్కైట్‌కూ ఎలక్ట్రోడ్లకూ మధ్య ఉండే పొరలను ఇంకాస్త మందంగా వేసి చిల్లులు మూసేయవచ్చు, మందం వల్ల వచ్చే నిరోధం ఇక్కడ బాధించదు. ఎండలో గెలిచిన వంటకాన్ని యథాతథంగా గదిలోకి తేవద్దని నేను అనేది ఇందుకే. అక్కడ పొదుపు చేయాల్సిన చోట ఇక్కడ ఖర్చు చేయవచ్చు, అక్కడ వదిలేసిన చోట ఇక్కడ కాపలా కాయాలి.

మరి గుంటలు ఎలా పూడుస్తారు? గచ్చు మీద పలకలు పరిచాక సందుల్లో వైట్ సిమెంట్ పెడతాం కదా, దాదాపు అలాంటి పని. పెరోవ్‌స్కైట్ పొర ఒకే స్ఫటికం కాదు, చిన్న చిన్న స్ఫటికాలు పలకల్లా పక్కపక్కనే పేర్చుకున్న పొర. లోపాలు ఎక్కువగా ఆ సందుల్లోనూ పైముఖం మీదా ఉంటాయి. అక్కడికి వెళ్లి అతుక్కునే అణువులను ద్రావణంలో కలుపుతారు, లేదా పొర ఆరాక పైన పూస్తారు. కొన్ని అణువుల్లో అమ్మోనియం తల ఉంటుంది, అది ఖాళీ స్థానంలో కూర్చుంటుంది. కొన్నింటిలో గంధకం, ఆక్సిజన్ ఉంటాయి, అవి జత లేని సీసానికి ఎలక్ట్రాన్లు అందిస్తాయి. దీన్నంతా కలిపి పాసివేషన్ అంటారు. ఆ అణువుల తోక భాగం నూనె స్వభావం కలిగినదైతే నీటిని కూడా కొంత ఆపుతుంది.

బ్రోమిన్ కలపడంలో మరో తలనొప్పి ఉంది. టికెట్ ధర పెంచడానికి బ్రోమిన్ ఎంత కలిపితే అంతగా, వెలుగు పడినప్పుడు అయోడిన్ ఒకవైపు, బ్రోమిన్ ఒకవైపు గుంపులు కడతాయి. 2015లో ఎరిక్ హోక్, ఆయన సహచరులు దీన్ని నమోదు చేశారు. అయోడిన్ గుంపు కట్టిన చోట టికెట్ ధర పడిపోతుంది, ఎలక్ట్రాన్లన్నీ అక్కడికే జారిపోతాయి, కలిపిన ప్రయోజనం పోతుంది. చీకట్లో మళ్లీ కలుస్తాయి. గదిలో వెలుగు తక్కువ కాబట్టి ఈ బెడద కూడా కొంత తక్కువే. కానీ కిటికీ పక్కన పెట్టిన సెన్సర్ మీద సాయంత్రం ఓ గంట నేరుగా ఎండ పడుతుంది. అక్కడ ఏమవుతుందో ఎవరైనా సెల్ అమ్మేవాళ్లు చెప్పగలగాలి.

2025లో యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో మొజ్తబా అబ్ది-జలేబీ బృందం ప్రకటించిన ఫలితం ఈ రెండు సమస్యలనూ కలిపి పట్టుకుంది. వాళ్లు సుమారు 1.75 ఎలక్ట్రాన్ వోల్ట్, అంటే మన లెక్కలో పదిహేడున్నర రూపాయల టికెట్ ఎంచుకున్నారు. స్ఫటికాలు సమంగా, ఒత్తిడి లేకుండా పెరగడానికి రుబిడియం క్లోరైడ్ వాడారు. అయోడిన్, బ్రోమిన్ విడిపోకుండా పట్టి ఉంచడానికి రెండు సేంద్రియ అమ్మోనియం లవణాలు కలిపారు. 1,000 లక్స్ కింద 37.6 శాతం వచ్చింది. నాకు ఆ అంకె కంటే రెండో విషయం ముఖ్యం అనిపించింది. వంద రోజులు దాటాక కూడా ఆ సెల్ మొదటి సామర్థ్యంలో 92 శాతం నిలుపుకుంది, ఈ రసాయనాల మందు వేయని సెల్ 76 శాతానికి దిగింది. 55 డిగ్రీల వేడిలో తీవ్రమైన వెలుగు కింద 300 గంటలు ఉంచితే మాత్రం మందు వేసినది 76 శాతం దగ్గర, వేయనిది 47 శాతం దగ్గర నిలిచాయి. లోపం పూడ్చడం వల్ల కరెంటు పెరగడమే కాదు, ఆయుష్షు కూడా పెరుగుతుందన్నమాట. రెండింటికీ మూలం ఒకటే. ఎలక్ట్రాన్ ఇరుక్కునే చోటే అయాన్ కూడా కదలడం మొదలుపెడుతుంది, నీరు కూడా అక్కడి నుంచే లోపలికి దూరుతుంది.

నీరు అనగానే మన ఊరి సంగతి వస్తుంది. మా నెల్లూరు వాళ్లు ఇప్పటికీ మద్రాసు అనే ఈ ఊళ్లో ఉప్పు డబ్బా మూత ఒక రాత్రి తెరిచి ఉంచితే పొద్దుటికి ఉప్పు చెమ్మగిల్లుతుంది. సేంద్రియ అయాన్లున్న పెరోవ్‌స్కైట్ కూడా ఉప్పు లాంటిదే. తేమ తగిలితే నల్లటి పొర పసుపు రంగుకు తిరుగుతుంది. ఆ పసుపు లెడ్ అయోడైడ్, సెల్ చచ్చిపోయిందనడానికి గుర్తు. అందుకే ల్యాబుల్లో దీన్ని నైట్రోజన్ నింపిన గాజు పెట్టెలో చేతులు దూర్చి చేస్తారు. గది లోపల వాన లేదు, అల్ట్రావయొలెట్ దెబ్బ లేదు, మేడ మీద ప్యానెల్‌లా అరవై డెబ్బై డిగ్రీలకు కాలడం లేదు. ఆ మేరకు గది దయగలదే. కానీ మా ఆఫీసులో రాత్రి ఏడుకు ఏసీ ఆగుతుంది. చల్లబడిన గోడల మీదికి తేమ గాలి వచ్చి చేరుతుంది, పొద్దున్నే అద్దాలు మసకబారి ఉంటాయి. ప్రతిరోజూ ఎండి, ప్రతిరోజూ తడిసే ఈ తంతు ఐదేళ్లు తట్టుకోవాలి. యూరప్‌లో వేడిచేసిన పొడి గదిలో వచ్చిన ఆయుష్షును చెన్నైకి అలాగే అన్వయించకూడదని నా గట్టి అభిప్రాయం. గాజుకు గాజు అతికించి అంచులు మూయడం, ఇంకా పలుచని ప్లాస్టిక్ అయితే నీటి ఆవిరిని ఆపే పూతలు వేయడం, ఇవి పైపై పనులు కావు, సెల్‌లో భాగమే.

సీసం గురించి ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. సగం మైక్రాన్ మందం పొరలో చదరపు మీటరుకు సీసం సుమారు 0.7 గ్రాము. మా సెన్సర్‌కు కావలసిన పది చదరపు సెంటీమీటర్లలో అది 0.7 మిల్లీగ్రాము. తక్కువే, కానీ అది నీటిలో కరిగే రూపంలో ఉంటుంది, సెన్సర్ పెట్టే చోట పిల్లలు కూడా తిరుగుతారు. సీసం బదులు తగరం పెట్టే ప్రయత్నాలున్నాయి, గాలి తగిలితే తగరం తేలిగ్గా ఆక్సీకరణం చెందుతుంది. బిస్మత్, ఆంటిమొనీ మీద పని జరుగుతోంది, సామర్థ్యం ఇంకా సీసం దరిదాపులకు రాలేదు. సెల్ పగిలినా సీసాన్ని పట్టి ఉంచే పొరలు కలపడం మధ్యేమార్గం. కాయిన్ సెల్ కూడా అమాయకమైన వస్తువేం కాదు, పసిపిల్లలు మింగితే గొంతులో కాలిన పుండు చేస్తుంది. అయినా ఒక ప్రమాదంతో ఇంకో ప్రమాదాన్ని కొట్టేయడం నాకు ఇష్టం లేదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న మన ఈ-వేస్ట్ నిబంధనల పరిధిలో సోలార్ సెల్స్ కూడా ఉన్నాయి. అమ్మినవాళ్లు వాటిని తిరిగి తీసుకునే ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

గది వెలుగు మీద పనిచేసేది పెరోవ్‌స్కైట్ ఒక్కటే కాదు. రంగు అణువులతో వెలుగును పట్టే డై సెల్స్ ఉన్నాయి, కార్బన్ అణువులతో చేసే ఆర్గానిక్ సెల్స్ ఉన్నాయి. తిరువనంతపురంలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్-ఎన్ఐఐఎస్టీలో గది వెలుగు కోసమే డై సెల్స్ మీద పరిశోధన సాగుతోంది. సీసం లేకపోవడం వాటికి పెద్ద బలం. పోలండ్‌లో సౌలే టెక్నాలజీస్ 2021లో వ్రొత్స్వాఫ్‌లో పెరోవ్‌స్కైట్ ప్రింటింగ్ లైన్ ప్రారంభించింది. దుకాణాల అరల మీద ధర చూపే ఎలక్ట్రానిక్ పట్టీలు వాళ్లు చూపిన వాడకాల్లో ఒకటి.

ఇక కొలతల సంగతి, ఇక్కడే కొనేవాళ్లు ఎక్కువగా మోసపోతారు. లక్స్ అనేది మనిషి కన్ను కోసం పుట్టిన కొలత. కన్ను ఆకుపచ్చకు ఎక్కువ విలువ ఇస్తుంది, ముదురు ఎరుపుకు తక్కువ. కాబట్టి 1,000 లక్స్ అని మాత్రం చెబితే అందులో ఎన్ని మిల్లీవాట్లున్నాయో తెలియదు. పసుపు వెలుగు ఎల్‌ఈడీకి, మన వాళ్లు ఇష్టపడే తెల్లటి 6,500 కెల్విన్ ఎల్‌ఈడీకి అంకె మారుతుంది. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 2023లో గది వెలుగు కింద కొలిచే పద్ధతి ఒకటి ప్రచురించింది, అది పాటించారా అని అడగడం మంచిది. పెరోవ్‌స్కైట్‌లో అయాన్లు కదులుతాయి కాబట్టి వోల్టేజ్ పెంచుతూ కొలిస్తే ఒక అంకె, తగ్గిస్తూ కొలిస్తే ఇంకో అంకె రావచ్చు. ఒకే చోట నిలబెట్టి కొన్ని నిమిషాల పాటు తీసిన కొలతే నమ్మదగినది. ఇంకోటి, ల్యాబ్ సెల్ చాలాసార్లు గోరంత కూడా ఉండదు. వైశాల్యం పెరిగే కొద్దీ సూది చిల్లు పడే అవకాశం పెరుగుతుంది, గదిలో ఒక్క చిల్లు ఏం చేస్తుందో పైన చూశాం.

నేను రిచీ స్ట్రీట్‌లో ఒక లక్స్ మీటర్ కొని నెల రోజులు బ్యాగులో పెట్టుకు తిరిగాను. టీ నగర్‌లో చీరల దుకాణం కౌంటర్ మీద 1,100 చూపించింది. వేళచేరిలో మా వంటింట్లో స్టవ్ పక్కన 130, హాల్లో సోఫా మీద 90. ఆఫీసులో నా టేబుల్ మీద 420. అదే గదిలో గోడ మీద తల ఎత్తున, మీటర్‌ను గోడకు ఆనించి పెడితే 160. సీలింగ్‌కు ఆనించి కిందికి తిప్పి పెడితే 70. లైట్లన్నీ సీలింగ్‌లోనే ఉన్నా అక్కడ పెట్టిన సెన్సర్‌కు నేల మీంచి తిరిగి వచ్చే వెలుగే దిక్కు. ల్యాబ్‌లో 1,000 లక్స్ కింద వచ్చిన అంకెకు, మా సెన్సర్ నిజంగా బతికే చోటుకు మధ్య ఇంత దూరం ఉంది. మసక పెరిగే కొద్దీ గుంటల బెడద కూడా పెరుగుతుంది కాబట్టి, 200 లక్స్ కింద అంకె అడగకుండా ఏ సెల్‌నూ పోల్చకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను.

గూడూరు కుర్రాడితో కలిసి మూడు అంతస్తుల ఫ్లోర్ ప్లాన్ పరిచి ప్రతి సెన్సర్ పక్కన లక్స్ రాశాం. టేబుళ్ల పక్కన అడ్డుగోడల మీదికి దించగలిగినవాటికి పచ్చ చుక్క పెట్టాం. గోడ మీద 160 దగ్గర ఉన్నవాటిని నిమిషానికోసారి కాకుండా నాలుగు నిమిషాలకోసారి కబురు పంపమంటే సరిపోతుంది, వాటికి పసుపు చుక్క. ఆదివారం లైట్లుండవు కాబట్టి రెండింటికీ ఒక రోజు ఆకలి తీర్చేంత కరెంటు దాచుకునే చిన్న సూపర్ కెపాసిటర్ కావాలని అంచున రాసుకున్నాం. మెట్ల దారి, స్టోర్ రూమ్, ప్యాంట్రీ వెనక నడవా, వీటికి ఎర్ర చుక్కే.

"అక్కా, ఎర్రవి ముప్పై నాలుగు" అన్నాడు లెక్కపెట్టి.

వాటికి కాయిన్ సెల్సే ఆర్డర్ పెట్టాం. నిచ్చెన ఇంకా స్టోర్ రూమ్ తలుపు వెనకే ఉంది.